కెన్ లా! – మన ఇంగ్లీషు, మన యాసలు

తెలుగు బడి సావనీరులో ఇంగ్లీషు గురించి వ్యాసం ఏమిటని ఆశ్చర్యపోకండి. ఆదివారం తరగతి అయ్యాక బయట చెప్పుల దగ్గర నిలబడి తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది తెలుగు గురించి కాదు, ఇంగ్లీషు గురించే. "మావాడు ప్రతి మాటకీ 'లా' తగిలిస్తున్నాడండీ, రేపు ఉద్యోగం ఎవరిస్తారు?" అని ఒకరు. "ఇండియా వెళ్తే కజిన్స్ వీడి ఇంగ్లీషు విని నవ్వుతున్నారు" అని మరొకరు. పిల్లల ఫిర్యాదులు ఇంకో రకం. "నాన్న 'వెజి-టేబుల్' అంటారు అంకుల్, మా ఫ్రెండ్స్ ముందు మాట్లాడొద్దని చెప్పండి" అని ఒక పదేళ్ళ పాప నాతో అంది. రిపోర్టు కార్డు రోజున అమ్మ బడికి రాకపోతే బాగుండునని ఇంకో బాబు నోట విన్నాను. నవ్వుకుని వదిలేసే విషయాలు కావివి. పిల్లలు ఒక యాసను చూసి సిగ్గుపడుతున్నారంటే, ఆ యాసలో మాట్లాడే మనుషులను చూసి కూడా సిగ్గుపడటం మొదలైందన్నమాట. అందుకే ఈ నాలుగు మాటలు. నేను భాషాశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను, ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. ఆస్ట్రేలియా, అమెరికా, స్కాట్లాండు క్లయింట్లతో ఇరవై ఏళ్ళుగా ఫోన్లలో మాట్లాడుతూ, ఎందుకిలా అంటున్నారని కుతూహలం కలిగి చదువుకున్న సంగతులే ఇవి.

ముందు ఒక ప్రశ్న. యాస లేని ఇంగ్లీషు ఉందా? లేదు. లండన్ పెద్దమనుషుల ఇంగ్లీషు కూడా ఒక యాసే. డేనియల్ జోన్స్ అనే ఆయన 1917లో ఇంగ్లీషు ఉచ్చారణ నిఘంటువు వేసినప్పుడు, దక్షిణ ఇంగ్లండులో ఖరీదైన బడుల్లో చదివిన కుటుంబాల ఉచ్చారణను నమూనాగా తీసుకున్నారు. ఇంగ్లండులోనే చాలా కొద్దిమంది అలా మాట్లాడతారు. లివర్‌పూల్ మనిషి, న్యూకాజిల్ మనిషి, లండన్ తూర్పు పేటల మనిషి మాట్లాడుకుంటుంటే మన శ్రీకాకుళం, నెల్లూరు, కరీంనగర్ వాళ్ళు ఒకచోట చేరినట్టే ఉంటుంది.

'కార్' అన్న మాట చూడండి. మన పిల్లలు ఇక్కడి బడిలో నేర్చుకుని 'కా' అంటారు. మనం చివర్లో ర ని గట్టిగా పలికి 'కార్' అంటాం. అది విని పిల్లలు నవ్వుతారు. అసలు సంగతేమిటంటే నాలుగు వందల ఏళ్ళ క్రితం ఇంగ్లండులో దాదాపు అందరూ ఆ ర ని పలికేవారు. అప్పట్లో ఓడలెక్కి అమెరికా వెళ్ళినవారు దాన్ని తమతో తీసుకుపోయారు. ఆ తర్వాత 18వ శతాబ్దంలో లండన్ చుట్టుపక్కల ర ని మింగేయడం ఫ్యాషనయింది. స్కాట్లాండు, ఐర్లండు ఆ ఫ్యాషన్ని పట్టించుకోలేదు. మలయా, ఆస్ట్రేలియాలకు ఇంగ్లీషు వచ్చేసరికి లండన్‌లో ర పోయింది కాబట్టి ఇక్కడా అక్కడా 'కా' అయింది. మరి మనకు ర ఎక్కడిది? మనం చెవితో కాదు, కంటితో నేర్చుకున్నాం. అక్షరం ఉంటే పలకడమే మన అలవాటు. తెలుగు లిపి మనకు నేర్పిన క్రమశిక్షణ అది! కాబట్టి 'కార్' అనే నాన్న చెప్పేది తప్పూ కాదు, 'కా' అనే అబ్బాయిది గొప్పా కాదు.

అమెరికావాళ్ళ 'వాటర్' ఇంకా తమాషా. మధ్యలో వచ్చే ట ని వాళ్ళు నాలుక కొసతో ఒక్కసారి తాకి వదిలేస్తారు. మనం 'మరి' అన్నప్పుడు ర దగ్గర నాలుక చేసే పని సరిగ్గా అదే. అమెరికా యాస రావాలంటే డబ్బు కట్టి క్లాసులకు పోనక్కర్లేదు, ట బదులు మన ర పెట్టి చూడండి, 'వారర్' సరిపోతుంది. ఆస్ట్రేలియావాళ్ళు 'టుడే'ని 'టుడై' అన్నట్టు పలుకుతారు. "రిలీజ్ టుడై" అంటే మొదట్లో మా టీములో కొత్తగా చేరిన కుర్రాళ్ళు కంగారుపడేవారు.

మన నోరు చేసే పనులు

తెలుగువాడు ఇంగ్లీషు మాట్లాడితే తోటి భారతీయులు కూడా వెంటనే పట్టేస్తారు. ఎలాగ? మన భాషలో ఇ, ఎ లతో మొదలయ్యే మాటల ముందు సన్నగా య, ఉ, ఒ ల ముందు సన్నగా వ వినిపిస్తాయి. ఇల్లు అన్నా 'యిల్లు' అన్నట్టే ఉంటుంది, ఒకటి 'వొకటి' అవుతుంది. ఆ అలవాటే ఇంగ్లీషులోకీ వచ్చింది. 'యెగ్', 'వోన్లీ' అంటాం. పాత పత్రికల్లో 'యం.ఎల్.ఎ.' అనీ, 'వోటు' అనీ, పేర్ల ముందు 'యస్.' అనీ అచ్చులోనే వేసేవారు గుర్తుందా? అది అచ్చుతప్పు కాదు, మన చెవికి వినిపించినది వినిపించినట్టు రాసుకోవడమే.

ఇంకొకటి, తెలుగు మాట అచ్చుతో ముగియాలి. అందుకే బస్సు, కారు, రోడ్డు, బల్బు. పాతకాలపు ఇటలీ యాత్రికుడెవరో మన భాషను మెచ్చుకున్నాడని చెప్పుకుంటాం కదా, కారణం ఈ అచ్చుల ముగింపే. ఆ తీపి కాస్తా ఇంగ్లీషులో పడితే "బస్సు లేటు అయింది, నెక్స్టు బస్సు టెన్ను మినిట్సు" అవుతుంది, అది వేరే విషయం.

అన్నిటికంటే ముఖ్యమైనది ఊనిక. ఇంగ్లీషు మాటలో ఒక్క భాగాన్ని నొక్కి పలికి మిగతావి మింగేస్తారు. 'బనానా'లో మధ్య 'నా' మాత్రమే గట్టిగా వినిపిస్తుంది, అటూ ఇటూ ఉన్నవి గొణిగినట్టుంటాయి. 'ఫొటోగ్రాఫ్'లో మొదటి భాగం మీద ఊనిక, 'ఫొటోగ్రఫీ'లో రెండోదాని మీద. మనం అన్నిటికీ సమానంగా న్యాయం చేస్తాం. మన పద్యంలో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు లెక్క. ఇంగ్లీషు పద్యంలో లెక్క ఊనికది. పునాదే వేరు కాబట్టి నడక వేరుగా ఉంటుంది. మలయ్, చైనీస్ భాషలవాళ్ళు కూడా ఇంగ్లీషును మనలాగే ముక్కముక్కకూ సమానంగా పలుకుతారు. అందుకే కౌలాలంపూర్‌లో దిగిన మొదటి వారంలోనే మనకు ఇక్కడివాళ్ళ ఇంగ్లీషు చక్కగా అర్థమవుతుంది. అదే స్కాట్లాండు క్లయింటు మాట్లాడితే మూడో కాల్ దాకా ఏమీ పట్టదు.

అయితే ఒకచోట మనదే పైచేయి. మలయ్ భాషలో హ్రస్వానికీ దీర్ఘానికీ అర్థంలో తేడా లేదు. అందువల్ల మలేషియా ఇంగ్లీషులో ఓడకు 'షిప్', గొర్రెకు 'షీప్' చాలామంది నోట ఒకేలా వినిపిస్తాయి. తెలుగులో పలు వేరు, పాలు వేరు. గుణింతం వచ్చిన పిల్లవాడికి ఈ తేడా చెవిలోనే ఉంటుంది. క, కా, కి, కీ అని బట్టీ పట్టించడం ఎందుకని విసుక్కునే పెద్ద పిల్లలకు నేను చెప్పే సమాధానం ఇదే.

ఇక 'లా' సంగతి

మలేషియా ఇంగ్లీషును సరదాగా మాంగ్లిష్ అంటారు. ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. ఫ్రాన్సిస్ లైట్ 1786లో పెనాంగ్‌లో బ్రిటిష్ జెండా ఎగరేశాడు. 1816లో అక్కడ పెనాంగ్ ఫ్రీ స్కూల్ మొదలైంది. తర్వాత వచ్చిన ఇంగ్లీషు బడుల్లో పాఠాలు చెప్పినవారిలో దక్షిణ భారతం నుంచీ సిలోన్ నుంచీ వచ్చినవారు చాలామంది ఉండేవారు. అంటే ఇక్కడి ఇంగ్లీషు పుట్టుకలో మనవైపు గొంతులు కూడా కలిశాయన్నమాట. ఊరు దాటి వెళ్తే 'అవుట్‌స్టేషన్' అనడం, ఎక్కడ నివాసమని అడగడానికి "వేర్ యూ స్టే?" అనడం, తెలియని పెద్దవాళ్ళను అంకుల్, ఆంటీ అని పిలవడం మనకూ వీళ్ళకూ ఉమ్మడి ఆస్తి.

స్వాతంత్ర్యం 1957లో వచ్చాక పదేళ్ళపాటు ఇంగ్లీషు కూడా అధికార భాషగా ఉండి, 1967 నుంచి ఈ ద్వీపకల్పంలో మలయ్ ఒక్కటే అధికార భాషయింది. ఇంగ్లీషు మీడియం బడులను 1970లో ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతి చొప్పున మలయ్ మాధ్యమంలోకి మార్చారు. అందుకే పెట్రోలు బంకులో కలిసే డెబ్భై ఐదేళ్ళ తాతగారి ఇంగ్లీషు బి.బి.సి. వార్తల్లా ఉంటే, ఆయన కొడుకుది ఇంకోలా ఉంటుంది. 2003లో లెక్కలు, సైన్సు ఇంగ్లీషులో మొదలుపెట్టారు. దాన్ని వదిలేస్తున్నట్టు 2009లో ప్రకటించి 2012 నుంచి మళ్ళీ మార్చారు. ఒకే ఇంట్లో అక్కది ఒక రకం, తమ్ముడిది ఒక రకం ఇంగ్లీషు అయితే ఆశ్చర్యం ఏముంది?

పొరుగున సింగపూర్‌లో ఈ గొడవ రాజకీయంగా కూడా నడిచింది. 1999లో అప్పటి ప్రధాని గో చోక్ టోంగ్ జాతీయ దినోత్సవ ప్రసంగంలో, టీవీ హాస్య పాత్ర ఫువా చూ కాంగ్ మాట్లాడే సింగ్లిష్ గురించి బాధపడ్డారు. మరుసటి ఏడాది మంచి ఇంగ్లీషు మాట్లాడండి అనే ఉద్యమం మొదలుపెట్టారు. సింగ్లిష్ మాత్రం హాయిగా బతికే ఉంది.

మాంగ్లిష్ విరిగిపోయిన ఇంగ్లీషని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. దానికి వ్యాకరణం ఉంది, కాకపోతే ఎవరూ తరగతిలో చెప్పరు. 'కెన్' అంటే కుదురుతుంది అని. 'కెన్ లా' అంటే కుదురుతుందిలే, బెంగపడకు అని భరోసా. 'కెన్ ఆ?' అంటే కుదురుతుందా అని. 'కెన్ మే?' అంటే కుదురుతుందంటావా, నాకు నమ్మకం లేదు అని. 'కెన్ లో' అంటే సరే, ఇంకేం చేస్తాం, కానివ్వండి అని. ఒక్క చివరి అక్షరంతో మాట్లాడేవాడి మనసంతా తెలిసిపోతోంది కదా! ఇప్పుడు మన 'వస్తాను' చూడండి. వస్తానులే, వస్తానుగా, వస్తానండీ, వస్తానురా, వస్తానేమో. ఒక్కో దానికీ ఒక్కో రంగు. వీటిని పుస్తకపు ఇంగ్లీషులోకి మార్చాలంటే ఒక వాక్యమంతా రాయాలి. మాంగ్లిష్‌లో మాత్రం 'కమ్ లా' అంటే సగం పని అయిపోతుంది. మన 'లే'కూ వాళ్ళ 'లా'కూ చుట్టరికం లేదు సుమా, పోలిక మాత్రమే. 'లా' మలయ్ నుంచి వచ్చిందా, చైనీస్ నుంచి వచ్చిందా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు.

మలయ్‌లో 'కాన్' అని వాక్యం చివర చేరుస్తారు. అది అచ్చంగా మన 'కదా'. 'ఐ ఈట్ ఆల్రెడీ' అన్నది మలయ్ 'సుదా మాకాన్'కూ చైనీస్ వాక్యానికీ నీడ. మన 'తినేశాను'లో 'ఏశాను' చేసే పనే అక్కడ 'ఆల్రెడీ' చేస్తోంది. లిఫ్టు ఆగిపోతే 'స్పాయిల్ ఆల్రెడీ' అంటారు. మనకు పాలు విరిగినా పాడైందే, మిక్సీ ఆగినా పాడైందే కాబట్టి ఆ మాట మనకు వింతగా అనిపించదు. 'ఫాలో' దగ్గర మాత్రం జాగ్రత్త. 'యూ వాంట్ టు ఫాలో?' అంటే వెనకాల రమ్మని కాదు, 'నాతో కారులో వస్తావా' అని. వేరే కారులో వెనకే బయల్దేరిన మిత్రులు ఉన్నారు!

ఇలాంటి నీడలు మన ఇంగ్లీషులో తక్కువా? "ఐ యామ్ హియర్ ఓన్లీ" అంటాం. ఆ 'ఓన్లీ' ఎక్కడిది? 'ఇక్కడే' అన్నప్పటి చివరి 'ఏ'. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో మాట్లాడాం, అంతే. మాంగ్లిష్‌వాళ్ళు చేసిందీ అదే పని.

మాటల రాకపోకలు కూడా వింతగా ఉంటాయి. పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది. మలయ్‌లో ప్రధానమంత్రిని పెర్దాన మెంతెరి అంటారు. బహాస మన భాష. పుఆస మన ఉపవాసం. కెపాల అంటే తల, మన కపాలం. సుఆమి అంటే భర్త, అది స్వామి. ఇస్తెరి అంటే భార్య, అది స్త్రీ. నెగార అంటే దేశం, మన దగ్గర అది నగరం. కెర్జ అంటే పని, అది కార్యం. సంస్కృతం నుంచి మనమూ తీసుకున్నాం, వీళ్ళూ తీసుకున్నారు. ఇక అప్పు తీసుకోవడంలో ఇంగ్లీషును మించింది లేదు. ఒరాంగుటాన్ మలయ్ మాట. 'అడవి మనిషి' అని అర్థం. వరిని పాడీ అనడం, పిచ్చెత్తి మీదపడటాన్ని అమోక్ అనడం మలయ్ నుంచే. మన తెలుగు కూడా ఒక మాట ఇచ్చింది. ఇంగ్లీషువాళ్ళ 'బాండికూట్' మన పందికొక్కే! ఆస్ట్రేలియాలో వేరే జంతువుకు ఆ పేరు పెట్టేశారు పాపం. ఎదురు దారి చూడాలంటే ఇక్కడి 'గోస్తాన్' చూడండి. కారు వెనక్కి తియ్యమని అర్థం. ఓడల మీద ఇంగ్లీషు నావికులు వాడే 'గో ఆస్టర్న్' రేవుల్లో దిగి అలా మారింది. 2025 మార్చిలో ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో అలమాక్, తపావ్, నాసి లెమాక్ చేరాయి. భోజనం పొట్లం కట్టించుకోవడాన్ని మీ పిల్లలు 'తపావ్' అంటే ఇక తిట్టకండి, డిక్షనరీలో ఉంది.

మరి ఏం దిద్దాలి?

"అయితే అన్నీ ఒప్పే అంటారా? పరీక్షలో 'కెన్ లా' రాయమంటారా?" అని అడుగుతారు. రాయకూడదు. ఎస్.పి.ఎం. పరీక్షకు, ఇంటర్వ్యూకు, క్లయింటు ఈమెయిలుకు కావలసిన ఇంగ్లీషు వేరే ఉంది, అది పిల్లలకు పూర్తిగా రావాలి. వియ్యంకులతో మాట్లాడే తెలుగు వేరు, చేలో మాట్లాడే తెలుగు వేరు, పెళ్ళి శుభలేఖ తెలుగు వేరు. మూడూ వచ్చినవాడికి ఏ చిక్కూ లేదు. ఒక్కటే వచ్చినవాడికి చిక్కు. నేను గమనించినంతవరకు ఇక్కడ పుట్టిన పిల్లలు ఈ మార్పు చాలా సులువుగా చేస్తారు. తోటివాళ్ళతో కారిడార్లో 'వై యూ లైక్ దట్ వన్' అన్న పిల్లే గదిలోకి వచ్చి టీచరుతో చక్కటి వాక్యం చెబుతుంది. ఆ మార్పు రాని పిల్లలకు చదవడం అలవాటు చెయ్యాలి. తిడితే రాదు.

యాసలో ఏది దిద్దాలన్నదానికి జెన్నిఫర్ జెంకిన్స్ అనే బ్రిటిష్ పరిశోధకురాలు 2000లో వేసిన పుస్తకం నాకు బాగా పనికొచ్చింది. వేర్వేరు దేశాలవాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే ఎక్కడ అర్థం చెడుతోందో ఆమె గమనించారు. 'త్రీ' అన్నా 'థ్రీ' అన్నా ఎవరికీ ఇబ్బంది రాలేదు. హ్రస్వదీర్ఘాలు కలిసిపోతే ఇబ్బంది వచ్చింది. మాట మొదట్లో వచ్చే జంట హల్లుల్లో ఒకటి మింగేస్తే ఇబ్బంది వచ్చింది. వాక్యంలో ముఖ్యమైన మాటను నొక్కకపోతే ఇబ్బంది వచ్చింది. అలాగే మాట మొదట్లో ప, ట, క లను ఇంగ్లీషువాళ్ళు ఊపిరి వదులుతూ దాదాపు ఫ, ఠ, ఖ ల్లా ఒత్తి పలుకుతారు. మనమూ మలయ్‌వాళ్ళూ ఒత్తం, అందుకని మన 'పిన్' వాళ్ళకు 'బిన్'గా వినిపించవచ్చు. మా ఇంట్లో నేను పట్టుబట్టేవి ఈ నాలుగే. మిగతా యాసను వాళ్ళ ఇష్టానికి వదిలేశాను.

ఇంతా చెప్పాక మన తెలుగు మాట కూడా చెప్పాలి. ఇంగ్లీషు యాసకు పిల్లలు పడే సిగ్గు కంటే తెలుగు యాసకు పడే సిగ్గు నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. ఇక్కడి పిల్లలు ళ ని ల అంటారు, త కీ ట కీ మధ్య తడబడతారు, 'పాట'ని 'పాత' అంటారు. సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు పెద్దలు ముద్దుగానే నవ్వుతారు. పిల్లవాడు మాత్రం ఆ రోజు నుంచి ఇంగ్లీషులోకి మారిపోతాడు. మూడో ఏడు అమ్మమ్మతో ఫోనులో 'హాయ్, బై' మిగులుతాయి. దయచేసి ఊరివాళ్ళకు ముందే ఫోను చేసి చెప్పి ఉంచండి, నవ్వవద్దని.

మన బడికి వచ్చే కుటుంబాలు రెండు రకాలు. మాలాగ 1996 తర్వాత మల్టీమీడియా సూపర్ కారిడార్, సైబర్‌జయ కొలువులకు విమానాల్లో వచ్చినవాళ్ళం కొందరం. ముత్తాతలు విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడల్లో వచ్చి రబ్బరు తోటల్లో, బగాన్ డాటో కొబ్బరి తోటల్లో చెమటోడ్చిన కుటుంబాలు కొన్ని. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలస ఆపేశాక ఊరితో వాళ్ళకు రాకపోకలు పలచబడ్డాయి. చుట్టూ తమిళం, మలయ్. అయినా మూడు నాలుగు తరాలు ఇంట్లో తెలుగు నిలబెట్టుకున్నారు. వాళ్ళ పిల్లలు 'ఏటి', 'సెప్పు', 'నాను' అంటే మన పిల్లలు, ఒక్కోసారి మన టీచర్లు కూడా, "తప్పు, అలా అనకూడదు" అంటున్నారు. అది తప్పు కాదండీ, కళింగాంధ్ర తెలుగు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగు మాండలికాలను నాలుగు మండలాలుగా విభజించి చూపారు, అందులో కళింగ మండలం ఒకటి. వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది కూడా ఆ శ్రీకాకుళం గడ్డమీదే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటూ, అదే వేదిక కింద ఒక పిల్లను ఆమె బామ్మ నేర్పిన మాటకు సరిదిద్దడం ఏం బాగుంటుంది? పరీక్ష పేపర్లో 'ఏమిటి' అని రాయడం నేర్పుదాం, 'ఏటి'ని కొట్టేయకుండా.

ఈ ఏడాది నా తరగతి పిల్లలకు ఒక పని ఇస్తున్నాను, పెద్దలు సాయం చెయ్యండి. ఒక నోటు పుస్తకంలో మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రమే వాడే తెలుగు మాట, రెండో గడిలో దానికి మీ అమ్మ లేక నాన్న వాడే మాట, మూడో గడిలో మీ బడిలో దానికి వాడే మాంగ్లిష్ లేక మలయ్ మాట రాయండి. బెండకాయతో మొదలుపెట్టవచ్చు, మార్కెట్లో దాన్ని 'బెండి' అంటారు. తాతగారి గొంతు ఫోనులో రికార్డు చేస్తే ఇంకా మంచిది. ఎక్కువ మాటలు తెచ్చినవాళ్ళకు సంక్రాంతి సభలో బహుమతి ఉంది. ఎన్ని మాటలు కావాలని అప్పుడే ఒకడు అడిగాడు. యాభై అన్నాను. కాసేపు వేళ్ళు లెక్కపెట్టుకుని "కెన్ లా, అంకుల్" అన్నాడు.